పదకొండు ఒకట్లు

ధర్మవరంలో నేతగాడు గంగాధర రోజూ గుంటమగ్గంలోకి దిగేముందు పలక మీద ఒక భాగహారం చేసేవాడు. తొమ్మిదేండ్లుగా అదే సంఖ్య. పదకొండు ఒకట్లు వరసగా రాస్తే వచ్చేది, వెయ్యిన్నూట పదకొండు కోట్ల పైచిలుకు. బుటాలు నేయించే జాకార్డు అట్టలో ఒక వరసలో పదకొండు రంధ్రాలు పడి ఉంటే, రంధ్రానికి ఒకటి చొప్పున వాటిని సంఖ్యగా చదివాడు. అక్కడ మొదలైంది. పోగుల్ని సమంగా పంచి బుటాలు కుదిర్చే మనిషికి, ఈ సంఖ్యను సమంగా పంచేది ఏదో తేల్చుకోవాలనిపించింది. మూడుతో భాగిస్తే రెండు మిగిలింది. ఏడుతోనూ రెండే. రోజుకొక ప్రధాన సంఖ్య, నోటుబుక్కులో ఒక వరస, దాని పక్కన శేషం. భార్య అంజనమ్మ ఆ బుక్కుల్ని సవతులనేది.

కూతురు హేమావతిని తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. అంజనమ్మకు నడుము పట్టేయడంతో కండెలకు పట్టుపోగు చుట్టే పని ఆ పిల్ల మీద పడింది. నాయనతో ఎక్కువ మాట్లాడేది కాదు. రాట్నం తిప్పుతూ పలక వైపు చూసేది.

చెల్లెలి పెండ్లికి చీర కొనడానికి వచ్చిన జగదీష్ సారు పెనుకొండ బడిలో లెక్కలు చెప్తాడు. ఆ బుక్కులు చూసి, శనివారం వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఏం చెప్పాలో గంగాధర అప్పుడే అనుకున్నాడు. ముప్పై వేలు దాటినా దేంతోనూ శేషం లేకుండా తెగలేదు, ఇది తెగే సంఖ్య కాదు.

శుక్రవారం పొద్దున చినిగిన బుక్కుల్ని హేమావతి పట్టుపోగుతో కుడుతోంది. ప్రతి పేజీ చివరి వరసలో సంఖ్య ఉంది, శేషం లేదు. ఆమెకు తెలిసిన అలవాటే. పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు అతకడానికి చివర కొంత నేయకుండా వదిలేస్తారు. నాయన పేజీ చివరి వరసనూ అలాగే వదిలి, ఆ సంఖ్యను తర్వాతి పేజీ మొదట చేసేవాడు. రెండో బుక్కు చివర 21649 అని రాసి వదిలాడు. మూడో బుక్కు 21661తో మొదలైంది. 21649తో భాగహారం జరగనే లేదు.

ఆమె పలక తీసుకుంది. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ శేషం సున్న, భాగఫలం 513239. చెప్పకపోతే రేపు ఏ పిల్లోడో ఫోనులో చూసి చెప్తాడు. చెబితే తొమ్మిదేండ్ల పని ఉట్టిదని నాయన కుంగిపోతాడు. చివరికి ఖాళీగా ఉన్నచోట సున్న రాసి, బుక్కు మగ్గం గట్టు మీద తెరిచిపెట్టింది.

గంగాధర చూశాడు. రెండు ముక్కల్నీ హెచ్చించి సరిచూసుకున్నాడు.

"ఇది అతుకుకు ఇడిసిన వరస."

"అవు నాయనా. ఆపొద్దు అవ్వకు బాగలేదని నువ్వు హిందూపురం పోయింటివి. పది దినాలకు వచ్చి కొత్త బుక్కు పట్టుకుంటివి."

అతను పలక పక్కన పెట్టాడు. "తొమ్మిదేండ్లు యేట్లో కలిపినా. ఈ పెద్ద ముక్క మళ్లా తెగుతాదేమో, మూడు కాడ నుంచి మొదులుపెట్టల్ల."

"వద్దు నాయనా." హేమావతి రాట్నం ఆపింది. "దాన్ని తెంచేది ఏదన్నా ఉంటే, అది మొత్తాన్ని కూడా తెంచుండల్ల గదా. ఇరవైయొక్క వేల దాకా దేంతోనూ తెగలేదని నువ్వే రాసినావు. ఈ పెద్ద ముక్క రెండుగా తెగల్లంటే, ఆ రెండిట్లో ఒకటి ఏడునూర్ల చిల్లర లోపలే ఉండల్ల. చిన్న ముక్కకైతే అంత దూరం కూడా పోయే పని లే. రెండూ ఇంక తెగవు."

గంగాధర మొదటి బుక్కు తీసి, మూడు పక్కన శేషంగా రాసిన రెండు చూశాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ పోయాడు. ఆ పూట మగ్గంలోకి ఆలస్యంగా దిగాడు.

"రేపు నువ్వూ రా పాపా," అన్నాడు దిగుతూ. "నువ్వు చెప్పు. బుక్కులు నేను మోస్తా."

పెనుకొండ బడిలో ఆమె పిల్లల వైపు తిరగకుండానే బోర్డు మీద పదకొండు ఒకట్లు రాసింది. కింద రెండు ముక్కలూ రాసింది. నాయన చేయకుండా వదిలిన ఒక్క వరస సంగతీ, అవి ఇంక ఎందుకు తెగవో చివరిదాకా చెప్పింది. ముందు బెంచీలో ఒక పిల్ల లేచి, ఆ ఒక్క వరస ఎందుకు వదిలేశారని అడిగింది.

హేమావతి తలుపు వైపు చూసింది. బుక్కులు పట్టుకుని అక్కడ నిలబడిన గంగాధర లోపలికి వచ్చి, పడుగు ఎట్లా అతుకుతారో చెప్పడం మొదలుపెట్టాడు.