పక్కా చోర్‌బత్తి

సెల్‌ఫోన్ వీపు మీద ఒక దీపం మొలిచాక ఇంకా టార్చిలైటు ఎవరు కొంటారని లోకమంతా అనుకుంటున్న ఆ రోజుల్లో, నాకు టార్చిలైటు మీద బతికే ఉద్యోగం దొరికింది. మహా అయితే ఎనిమిదేళ్ల కిందటి మాట. అయినా నేను ‘ఆ రోజుల్లో’ అనే అంటాను. మనం చేసిన పని మనకే నచ్చనప్పుడు అది బాగా పాతబడిపోతే బాగుండునని ఉంటుంది కదా. ఉద్యోగమంటే ఉద్యోగం కూడా కాదు, మూడు నెలల ‘చూద్దాం’. ఆ మూడు నెలలూ ఆఫీసు వాళ్లు మన పని చూస్తారు, మనం వాళ్ల మొహం చూస్తాం, ఇంట్లో వాళ్లు మన మొహం చూస్తారు. (మా అమ్మ మాత్రం నాకు ఉద్యోగం ఖాయమైపోయిందని బంధువులందరికీ చెప్పేసి ఉండటం వల్ల, ఎవరి మొహమూ చూడటం మానేసింది.)

మా కంపెనీ ఇంటర్నెట్‌లో సామాన్లు అమ్మేది. ఏ సరుకైనా తీసుకునే ముందు మాలాంటి వాళ్లకిచ్చి నాలుగు రోజులు వాడించి, రిపోర్టు రాయించుకునేవారు. పై అధికారిని మేమంతా చాటుగా డెడ్‌లైన్ సార్ అనేవాళ్లం. నన్ను తీసుకోవడానికి ముఖ్య కారణం నా దరఖాస్తులో ‘తెలిసిన భాషలు’ అన్నచోట ఉర్దూ అని ఉండటం. మాది గోదావరి వైపు. నాన్న గుమాస్తాగా ఇక్కడికి బదిలీ అయితే అప్పటికి మూడేళ్లుగా పాతబస్తీ దగ్గర ఉప్పుగూడలో అద్దెకుంటున్నాం. ఆ మూడేళ్లలో నేను నేర్చుకున్న ఉర్దూ ఆటో ఎక్కడానికి సరిపోయేది, దిగేటప్పుడు సరిపోయేది కాదు. అయినా దరఖాస్తులో ఖాళీ కనిపిస్తే నింపకుండా ఉండలేని వయసు.

ఒక సోమవారం సార్ నా బల్ల మీద ఒక నల్లటి టార్చి పెట్టారు. పిడికిట్లో దాక్కునేంత ఉంది. అట్టపెట్టె మీద ‘ట్యాక్టికల్’ అని, ‘లాంగ్ రేంజ్’ అని అంతకన్నా పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. పోలీసులూ సైనికులూ వాడే రకమట. పాతబస్తీలో పెద్ద దుకాణమున్న ఒక సేఠ్ సరుకు అది. “ఏమోయ్, ఇంట్లో ఎలా పనికొస్తుంది, బయట ఎలా పనికొస్తుంది, వెలుగు నిజంగా ఎంత దూరం పోతుంది, ఈ మూడూ కావాలి. శుక్రవారం మధ్యాహ్నానికి రిపోర్టు. బాగుంటే నీ ఆర్డరు మీద సంతకం పెడతాను. బాగోకపోతే ఆ సంగతి కూడా ట్యాక్టికల్‌గానే చెబుతాను” అన్నారు.

ఇంటి వాడకం అమ్మకు అప్పగించాను. ట్యాక్టికల్ అంటే ఏమిట్రా అంది. ‘వ్యూహాత్మక’ అని రాయాలమ్మా అన్నాను. “వ్యూహం సంగతి తరవాత చూసుకుందాం గానీ, మంచం కిందకి వెల్లుల్లిపాయ దొర్లిపోయింది, అదేమన్నా కనపడుతుందేమో చూడు నాన్నా” అంది. వెల్లుల్లిపాయతో పాటు, ఆర్నెల్ల కిందట పోయిందనుకుని నాన్న ఏడ్చిన కళ్లజోడు కూడా దొరికింది. జేబులో వేసుకుంటే బొత్తం నొక్కుకుపోయి వెలిగి, వేడెక్కి, తొడ మీద ఇస్త్రీ చేసినంత పని చేసింది. అది లోపాల కింద రాసుకున్నాను. బకెట్లో పడేస్తే నీళ్లలో మునిగి కూడా హాయిగా వెలిగింది. (మునిగినా వెలిగే గుణం నాకు లేకపోయిందే అని కూడా రాసి, సార్‌కు హాస్యం పడదని కొట్టేశాను.)

చిక్కంతా దూరం దగ్గర వచ్చింది. మా సందుల్లో టార్చి వేస్తే పది అడుగుల్లో ఎవరో ఒకరి గోడ. లాంగ్ రేంజ్ కాదు కదా, నిండుగా ఒక రేంజ్ కూడా లేదు. స్టేషన్ ప్లాట్‌ఫారం చివర నిలబడి వేద్దామా అనుకున్నాను గానీ, పట్టాల వైపు లైటు వేస్తే రైలు ఆగినా ఆగకపోయినా నా ఉద్యోగం ఆగుతుందని తోచి మానుకున్నాను. అప్పుడు గుర్తొచ్చారు మొఘల్‌పురా బత్తీవాలా చాచా. మా ఇంట్లో ఎమర్జెన్సీ లైటు చెడిపోయిన ప్రతిసారీ ఆయనే బాగుచేసేవారు. మంచమంత దుకాణం, దాని నిండా విప్పేసిన లైట్లు. అందులో సగానికి పైగా ఈ టార్చి సేఠ్ దుకాణం నుంచే మరమ్మత్తుకు వచ్చినవే. ఇల్లు గడిచేది ఆ పని మీదనే అని ఆయనే చాలాసార్లు చెప్పారు.

చలికాలం కావడంతో ఆఫీసు అయ్యేసరికే చీకటి పడుతోంది. నేను వెళ్లి టార్చి చేతిలో పెట్టగానే చాచా దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఏంది బేటా, గింత బొమ్మ తెచ్చినవ్. పోరలు ఆడుకునేదా?” అన్నారు.

“కాదు చాచా, ట్యాక్టికల్.”

“గదేం టికలో గాని, మీదికి పా, చూద్దాం.”

దుకాణం పైనే ఆయన ఇల్లు, దాని మీద డాబా. చాచా బొత్తం నొక్కారు. వెలుగు సన్నగా సూదిలా బయల్దేరి, సందులన్నీ దాటుకుంటూ పోయి, ఎక్కడో దూరాన ఒక మేడ మీది పావురాల గూటికి గుచ్చుకుంది. అప్పుడప్పుడే గూళ్లలో సర్దుకుంటున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. “కౌన్ హై రే ఉధర్? కబూతరాఁ ఉడా దియే” అని, పావురాలను లేపినవాణ్ణి వెతుక్కుంటూ ఒక గొంతు గాలిలో తేలుతూ వచ్చింది. చాచా చటుక్కున లైటార్పి, నా భుజం పట్టి పిట్టగోడ చాటుకు వంచేశారు.

“వంగు బేటా, వంగు. గాయన మా బిడ్డ మామ. నన్ను చూసిండంటే ఈద్ దాకా లొల్లి నడుస్తది.”

ఆ వంగడం వంగడం పది నిమిషాలు అలాగే ఉండి, పిల్లుల్లా మెట్లు దిగాం. చాచా దుకాణంలో కూర్చుని, కంటికి అద్దం తగిలించుకుని, టార్చి మర విప్పి లోపలంతా తీరిగ్గా చూశారు. మళ్లీ బిగించి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, తీర్పు చెప్పారు. “బొమ్మ అనుకున్న. కాదు బేటా. గిది పక్కా చోర్‌బత్తి.”

ఉర్దూలో నాకు గట్టిగా వచ్చిన మాటలు చాలా తక్కువ. నా దురదృష్టం కొద్దీ పక్కా, చోర్, బత్తి ఆ కొద్దింటిలోవే. అంటే పచ్చి దొంగ లైటు. పైకి ఇంత వెలుగు వెదజల్లుతున్నా లోపలేదో మోసముందన్నమాట. మరి పావురాలెందుకు లేచాయి అని అడగొచ్చు. ‘చోర్ ఎందుకన్నావు చాచా’ అని ఒక్క మాట అడిగినా సరిపోయేది. కానీ ఉర్దూ తెలిసినవాడు అలా అడుగుతాడా? పైగా ‘లైటు బాగుంది’ అనే రిపోర్టుకు ఎవడూ ఉద్యోగమివ్వడు, ‘గుట్టు బయటపడింది’ అనే రిపోర్టుకైతే ఇస్తాడు. నేను తల పంకించి, “బరాబర్ చాచా. మీరన్నారని రాసుకోనా?” అన్నాను.

చాచా మొహం టార్చి కన్నా ఎక్కువ వెలిగింది. “రాస్కో. నేనన్న అని రాస్కో” అన్నారు. ఆయన మాటను ఆఫీసు కాగితం మీద పెట్టడానికి వచ్చినవాళ్లలో బహుశా నేనే మొదటివాణ్ణి.

రాశాను. ‘మొఘల్‌పురాలో తరతరాలుగా లైట్లు బాగుచేస్తున్న పెద్దమనిషి దీన్ని విప్పి చూసి, ఇది పచ్చి దొంగ లైటని ఒక్క మాటలో తేల్చేశారు’ అని చక్కటి తెలుగులో రాసి, కింద గీత కూడా గీశాను. శుక్రవారం మధ్యాహ్నం ఇచ్చేసి, ఇంటికొచ్చి, దీపాలు పెట్టే వేళకు అమ్మకు అదంతా వర్ణిస్తుంటే కరెంటు పోయింది. పై వాటాలో ఉండే ఇంటి ఓనరక్క మెట్ల మీంచి కేకేసింది.

“తమ్మీ, మీ చోర్‌బత్తి జర ఇస్తవా? పొయ్యి మీద పాలున్నయి, ఏం కనవడ్తలేదు.”

నేను గుమ్మంలోకి వచ్చాను. “ఏమివ్వాలక్కా?”

“చోర్‌బత్తి తమ్మీ, చోర్‌బత్తి. మీరు టార్చిలైటు అంటరు గదా, గదే. మూడేండ్ల సంది ఉంటున్నవ్, గింత మాట ఎరుకలేదా?”

చీకట్లో నా మొహం ఎవరికీ కనపడలేదు. అది ఒక్కటే ఆ పూటకు మిగిలిన అదృష్టం. చోర్‌బత్తి అంటే టార్చి. అంతే. పక్కా చోర్‌బత్తి అంటే అచ్చమైన టార్చి, బొమ్మ కాదు, అసలు సరుకు. ఆ మాటలో దొంగ ఎవడైనా ఉంటే అది దరఖాస్తులో ఉర్దూ అని రాసుకున్నవాడు.

పొద్దున్నే వెళ్లి నిజం చెప్పేయాలని రాత్రంతా వాక్యం కూర్చుకున్నాను. శనివారం సార్ గదిలోకి వెళ్లేసరికి సేఠ్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి నా రిపోర్టు, రెండోది నా ఆర్డరు, సంతకంతో సహా. రిపోర్టు చూపించి సార్ సేఠ్ చేత ధర బాగా దింపించారని తర్వాత తెలిసింది. సేఠ్ మొహం ఎర్రగా ఉంది.

“నా మాల్ దొంగ మాలా? నా మాల్ రిపేర్ చేసుకుంట బతికేటోడు, నా మాల్‌నే గట్ల అంటడా?” అన్నాడు నా వైపు తిరిగి.

“ఏమోయ్, నువ్వు కల్పించి రాశావా, ఆయన అన్నాడా?” అన్నారు సార్.

“చోర్ అన్నడా, లేదా? గదొక్కటి చెప్పు” అన్నాడు సేఠ్.

అక్కడ నేను చేయాల్సింది ఎంత చిన్న పనో ఇప్పటికీ తలుచుకుంటాను. చాచా అన్న మాటను ఉన్నదున్నట్టు పలికితే చాలు. సేఠ్ పుట్టింది పాతబస్తీ హుస్సేనీ ఆలంలో, ఆ మాట వినగానే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. సార్ కూడా నవ్వేవారు, నవ్వుతూ నవ్వుతూ రెండో కాగితం చింపేవారు. నేను ఆ కాగితం వంకే చూస్తూ, “అన్నారు సార్” అన్నాను. అక్షరాలా నిజం. అంతకన్నా పెద్ద అబద్ధం నేను మళ్లీ ఆడలేదు.

ఆర్డరు వచ్చినందుకు అమ్మ పరమాన్నం చేసింది. నాలుగు వారాలు మొఘల్‌పురా వైపు వెళ్లకుండా ఎన్ని చుట్టుదారులున్నాయో అన్నీ కనిపెట్టాను. అయిదో వారం కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. దుకాణంలో అరలు బోసిగా ఉన్నాయి. చాచా గోడ గడియారమొకటి ముందేసుకుని కూర్చున్నారు. “రా బేటా” అని జరిగి చోటిచ్చారు. “సేఠ్ పని బందు చేసిండు. నువ్వు చోర్ అన్నవంట గదా అన్నడు. నేను గా మాటనే ఎత్తలే అన్న. కాయిదం చూపెట్టిండు. నాకు తెలుగు చదవరాదాయె.”

మొత్తం చెప్పాను. ఓనరక్క పాల దగ్గర్నుంచి సార్ బల్ల మీది రెండో కాగితం దాకా, ఏదీ దాచలేదు. చోర్‌బత్తిని దొంగ లైటని రాశానన్న చోట చాచాకు నవ్వాగలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వారు. “అరే, చోర్‌బత్తి అంటే దొంగ లైటా...” అని ఇంకోసారి నవ్వబోయి, సగంలో ఆపేశారు. కాసేపు గడియారం ముల్లు తిప్పుతూ కూర్చున్నారు.

“నవ్వే ముచ్చటనే బేటా. గాని నాకు చెప్తే ఏమొస్తది? నేనేమన్ననో నాకు ఎరుకనే గదా. పోయి ఆడ చెప్పు.”

“చెప్తాను చాచా” అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

మర్నాడు సార్ గది తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను కూడా. సార్ తలెత్తి, “ఏమోయ్?” అన్నారు. నేను గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి, “ఒక రోజు సెలవు కావాలి సార్” అన్నాను. వెంటనే ఇచ్చారు. ఆ సెలవంతా ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాను. జ్వరమనుకుని అమ్మ మిరియాల చారు పెట్టింది. అది తాగి చెమట పట్టించుకున్నాను. వీరుడిలా తలుపు తీసి సెలవు చీటీతో బయటికొచ్చిన ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. చెవి మెలేద్దామనీ ఉంటుంది. కానీ చెవి మెలేసినా వాడు ‘యస్ సార్’ అనే అంటాడు.

చాచా ఇప్పుడు అదే దుకాణంలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కోపంగా ఉన్నారని కాదు, అటు వెళ్తే ఆయనే ముందు చెయ్యెత్తి పలకరిస్తారు. “సలాం సాబ్” అంటారు. బేటా అని మాత్రం పిలవరు.