లేహ్‌లో దిగని అత్తమ్మ విమానం

నా మీద ఉన్న ఆరోపణ ఇది: ప్రమీలత్తమ్మ ఇష్టపడి కొనుక్కున్న విమానాన్ని ఆమెకే కాకుండా చేసింది నేను.

దానికి జవాబు చెప్పడానికే ఈ పోస్ట్.

నిన్న పొద్దున మేడ్చల్‌లో, మా కాలేజీ సెమినార్ హాల్లో ఉండగా నాయిన ఫోన్ చేశాడు.

"బిడ్డా, అక్క ఇగ లేదు. జల్దీ రా."

"ఎవరక్క నాయినా?" అని అడిగాను.

ఎదుటివాళ్ల వాక్యం పూర్తికాకముందే జవాబు సిద్ధం చేసుకునేదాన్ని. నాయినకు ఉన్నది ఒక్కతే అక్క. అది శామీర్‌పేట బస్సెక్కి కూర్చున్నాక గాని నా తలకెక్కలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా మేనత్త ప్రమీల శామీర్‌పేటలో హైస్కూల్ లెక్కల టీచర్. ముందుగదిలో, కుట్టుమిషన్ పక్కన కంప్యూటర్ పెట్టుకుని, తెర మీదే విమానాలు ఎగరేసే ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపేది. "ఆడుకునేది" అని రాయబోయి కొట్టేశాను. ఆ మాటంటే ఆమె ఊరుకునేది కాదు.

సిమ్యులేటర్‌తో పాటు వచ్చే విమానాల కాక్‌పిట్‌లో సగం స్విచ్‌లు ఉత్త బొమ్మలు. అది ఆమెకు సహించలేదు.

"ఒత్తితే కదలని స్విచ్ ఎందుకే? క్యాలెండర్ బొమ్మనా?"

అందుకే విడిగా అమ్మే యాడ్-ఆన్ విమానాల కోసం ఒక వేసవంతా రివ్యూలు చదివింది. కాక్‌పిట్ ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చింది. చివరికి రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం ఒకటి, మామ క్రెడిట్ కార్డు మీద, నెట్‌లో కొన్నది. మరుసటి ఏడు దానికి సరిపడే, దారి చూపే రేడియోలు, జీపీఎస్. బంగారం దుకాణంలో కూడా ఆమె ఇంత సేపు బేరీజు వేయలేదని మామ ఎగతాళి.

పాలాయన గేటు కొడితే లోపలి నుంచి కేక: "ఆగు అన్నా, ల్యాండింగ్‌లున్న!"

ఫోన్ వస్తే మామ ఎత్తేవాడు. "టీచరమ్మ ఇంట్ల లేదమ్మా. నాగ్‌పూర్ మీదికెళ్లి పోతాంది."

ఆ విమానంలో లేహ్ దాకా పోయి, కొండల నడుమ, ఆ రేడియోలనే నమ్ముకుని దిగాలని ఆమె కోరిక. కొన్నదే అందుకు.

ఆదివారాలు నా హాస్టల్ మిత్రులను ఆమె ఇంటికి తీసుకుపోయేదాన్ని. ఒక ఆదివారం మాకు ఆ విమానం కాపీ కావాలన్నాం. ఇయ్యనంది. అంతే, నేను లేచి నిలబడి వాదించాను. జ్ఞానానికి కంచె వేయడమే అసలు దొంగతనమన్నాను. కాపీ చేస్తే ఎవరి దగ్గరా ఏదీ తగ్గదన్నాను. మిత్రులు చప్పట్లు కొట్టారు.

అత్తమ్మ నవ్వింది. "మస్తు మాట్లాడినవ్ పోరీ. గా స్విచ్‌లన్నీ ఎవడో కూసొని గీసిండు. వానికి బువ్వ వద్దా? గీ కీ నా పేరు మీద ఇచ్చిండ్రు, నేనియ్య."

తర్వాత మాకు మిర్చీలు వేయడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఆమె నూనె పెట్టేలోపు నేను ఫైళ్లు సీడీలోకి ఎక్కించుకున్నాను. దాన్ని ఎక్కించడానికి కావలసిన సీరియల్ కీ నంబరు అరచేతి మీద రాసుకున్నాను. వారం తిరిగేసరికి హాస్టల్లో ప్రతి కంప్యూటర్‌లో ఆ విమానం ఉంది. ఎవరో ఆ కీని నెట్‌లో కూడా పెట్టారు.

ఎవరి దగ్గరా ఏదీ తగ్గదన్నాను కదా. తగ్గింది. ఆమె దగ్గరే తగ్గింది.

పోయిన ఏడు ఆమె హార్డ్ డిస్క్ పాడైంది. విమానాన్ని మళ్లీ ఎక్కించబోతే కీ చెల్లదని వచ్చింది. చాలా చోట్ల వాడుతున్నందువల్ల ఆపేశామని అమ్మినవాళ్లు మెయిల్ పంపారు. అప్పటికే ఎక్కించుకున్న మాకు అది నడుస్తూనే ఉంది. సొంతదారుకు మాత్రం ఆగిపోయింది.

అప్పటికి ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్‌కు తప్ప గడప దాటడం లేదు. కంప్యూటర్ ముందరి ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది.

"నా కీ బయటికెట్ల పోయిందే?" అని నన్నే అడిగింది.

"సర్వర్ ప్రాబ్లం అయ్యుంటది అత్తమ్మా."

నమ్మింది. "నీ ఇంగ్లీష్ మంచిగుంటది, నేను ఎవ్వరికీ ఇయ్యలేదని జర రాసి పెట్టు బిడ్డా" అంది.

రాసిపెట్టాను. ఆమె నిజాయితీ మీద, ఆమె పక్కనే కూర్చుని, ఎక్కడా తడబడకుండా. నా జీవితంలో అంత బలమైన వాదన మరొకటి రాయలేదు. వాళ్లు ఒప్పుకోలేదు.

కొత్తది కొనిస్తానన్నాను. "చేయని తప్పుకు మల్లెందుకు కొనాలె? కొంటే నేనే పంచిన్నని ఒప్పుకున్నట్టే గద" అంది.

లేహ్ అలాగే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం, అన్నీ అయి ఇంటికి వచ్చాక, అత్తమ్మ కూతురు శ్రావణి నన్ను ముందుగదిలోకి పిలిచింది. సంతాపం పోస్ట్ కింద నా హాస్టల్ స్నేహితురాలొకామె రాసింది చూపించింది: "ఆంటీది గొప్ప మనసు. తన ప్లేన్ మా హాస్టల్ మొత్తానికి పంచింది. ఇప్పటికీ అందులోనే ఎగురుతున్నా."

"అమ్మ ఎవ్వరికియ్యలేదు గద వదినా? నువ్వే రాసినవ్ గద?"

"నేనే తీసిన శ్రావణీ."

ఆ పిల్ల మానిటర్ ఆపేసి లోపలికి వెళ్లిపోయింది.

వేదికల మీద అందరి న్యాయం గురించీ మాట్లాడిన నోరు ఇది. సొంత మేనత్త బతికుండగా ఒక్క నిజం చెప్పలేకపోయింది. సిగ్గుతో రాస్తున్నాను.

అందరూ చేసేదే అనకండి. కంపెనీకి అదొక లెక్కా అనకండి. ఆ వాదనలన్నీ మీకు నేర్పింది నేనే.

అత్తమ్మా, పోయి రా. నొప్పి లేని చోట నీ ప్రాణం నెమ్మదిగా ఉండాలి.

ఇక మీకు. ఆమె పంచిందని రాసినవాళ్లు ఆ మాట ఇవాళే తీసేయండి. మీ కంప్యూటర్‌లో ఆ విమానం ఇంకా ఉంటే దాన్నీ తీసేయండి. తీసేసి, ఇక్కడే, మీ సొంత పేరుతో, మీ అమ్మ మాకు ఇవ్వలేదని శ్రావణికి చెప్పండి.