పని మానేసినవాళ్ళకీ తెరుచుకున్న యాప్

2023 వానాకాలం. నరసరావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆసుపత్రి యజమాని అయిన డాక్టరుగారే స్వయంగా మాట్లాడారు. "మా నర్సొకామె పేషెంటు రిపోర్టు బయటపెట్టింది. మీరొచ్చి కంప్యూటర్లో చూసి, అది ఆమె పనేనని ఒక కాగితం రాసివ్వండి" అన్నారు. ఎవరు చేశారో కనిపెట్టమని ఆయన అడగలేదు.

నా పని గురించి కొంచెం చెప్పాలి. ఒక యాప్‌లోకి ఎవరు రావచ్చు, వచ్చినవాళ్ళు ఏమేం చూడొచ్చు అన్న ఏర్పాట్లు చేయడం నా వృత్తి. వినడానికి ఒకటే అనిపిస్తుంది గానీ ఇవి రెండు వేరు వేరు పనులు. ఆ ఆసుపత్రిలో సిబ్బంది అందరూ పేషెంట్ల రిపోర్టులుండే ఆసుపత్రి యాప్‌లోకి తమ సొంత ఈమెయిల్ ఖాతాతోనే వెళ్ళేవారు. "ఈమె ఫలానా మనిషే" అని ఈమెయిల్ కంపెనీ హామీ ఇస్తుంది. దాన్ని ఫెడరేటెడ్ సైన్-ఇన్ అంటారు. ఆ హామీ చూసి, "ఈమె నర్సు, కాబట్టి వార్డు రిపోర్టులు చూడొచ్చు" అని తేల్చేది ఆథరైజేషన్ సర్వర్. అది టోకెన్ ఇస్తుంది. టోకెన్ అంటే అనుమతి చీటీ అనుకోండి. ఈ రెండింటినీ కలిపిన కంపెనీ ఎప్పుడో పని ముగించుకుని వెళ్ళిపోయింది.

బయటపడింది ఒక హెచ్.ఐ.వి. రిపోర్టు. ఆ పేషెంటును రమణమ్మ అంటాను, అసలు పేరు అది కాదు. నాదెండ్ల వైపు ఒక పల్లె ఆమెది. భర్త లేడు, ఒక కూతురు. ఆ పిల్ల చదివే బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది. జ్వరం ఎంతకీ తగ్గకపోతే నరసరావుపేట వచ్చి పరీక్షలు చేయించుకుంది. వారం తిరక్కుండానే రిపోర్టు ఫోటో ఊళ్ళో ఫోన్లన్నింటికీ పాకింది. వంట వల్ల ఆ జబ్బు రాదని బడి పంతులు ఇంటింటికీ తిరిగి చెప్పినా ఎవరూ వినలేదు. పిల్లలను అన్నం ముట్టనివ్వలేదు. రమణమ్మను పనిలోంచి తీసేశారు. తర్వాత బడిలో పిల్లలు ఆమె కూతురి పక్కన కూర్చోవడం మానేశారు.

ఫలితాన్ని రమణమ్మకు చెప్పింది షమీమ్ అనే నర్సు. డాక్టరుగారు కాక ఆ సంగతి తెలిసింది ఆమెకేననుకుని, ఆమెనే అనుమానించి ఉద్యోగంలోంచి తీసేశారు.

నేను షమీమ్‌ను పిలిపించమన్నాను. మెకానిక్ షెడ్డు నడిపే తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఒప్పుకుంటే పోలీసుల దాకా పోనివ్వను" అన్నారు డాక్టరుగారు.

"నేను చెప్పలా సార్. ఆమె చెయ్యి పట్టుకొని, భయపడమాక, మందులున్నయ్ అని చెప్పింది నేను. ఊరికెట్టా చెబుతా?" అంది షమీమ్.

నేను ఆమెను అడిగాను. "సిస్టర్, మీ ఫోన్లో ఆసుపత్రి యాప్ ఇంకా ఉందా?"

"ఉంది మేడం. పనిలోంచి తీసేశారుగా, మళ్ళీ ముట్టుకోలా."

"ఒకసారి తెరవండి."

తెరిచింది. తన ఈమెయిల్‌తో లోపలికి వెళ్ళింది. ఆ రోజు చేరిన పేషెంట్ల పేర్లు, వాళ్ళ జబ్బులు, రిపోర్టులు వరసగా కనిపించాయి. ఫోన్ డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన వేలితో పేర్లను పైకీ కిందికీ జరిపి చూశారు.

"ఈమెను తీసేశాం కదండీ?"

"జీతాల్లోంచి తీశారు సార్. ఆథరైజేషన్ సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు. ఈమెయిల్ ఈమె సొంతం, ఉద్యోగం పోయినంత మాత్రాన అది పోదు. ఈమె షమీమేనని ఈమెయిల్ కంపెనీ అంటోంది, నిజమే. షమీమ్ ఇక్కడ నర్సని మీ సర్వర్ ఇంకా అనుకుంటోంది. అది ఇప్పుడు నిజం కాదు."

"అంటే, మానేసినోళ్ళందరికీ ఇట్టాగే తెరుచుకుంటదా?"

"అందరికీ."

గుమ్మం దగ్గరున్న షమీమ్ తండ్రి ద్వారబంధానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

సర్వర్‌లో చూస్తే, రమణమ్మ రిపోర్టు తెరిచినవాళ్ళలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ కూడా ఉన్నాడు. రమణమ్మ అక్కడికి రాకముందే అతను ఆ ఉద్యోగం మానేశాడు. వినుకొండలో వేరే ల్యాబులో చేస్తున్నాడు. రమణమ్మ ఊరివాడే. డాక్టరుగారు అందరికీ వినబడేలా ఫోన్ చేశారు. అతను అబద్ధమేమీ ఆడలేదు.

"మా బాబాయి అడిగాడు సార్, ఆమె పేటకి ఎందుకు తిరుగుతుందో కనుక్కోమని. నేనేం దొంగతనంగా దూరలేదు. ఎప్పుడూ తెరిచినట్టే తెరిచా. తెరుచుకుంది."

"ఫోటో ఎందుకు పంపావురా?"

"మా బాబాయి ఒక్కడికే పంపా సార్."

మానేసినవాళ్ళందరి అనుమతులూ ఆ రోజే తీసేశాను. ఎవరైనా ఉద్యోగం మానిన వెంటనే సర్వర్‌కి కబురు వెళ్ళేలా, ఇచ్చిన టోకెన్ కొద్దిసేపటికే చెల్లకుండా పోయేలా మార్చాను. తాము చూసుకోని పేషెంటు రిపోర్టు ఇకపై ఎవరికీ తెరుచుకోదు. "సాంకేతిక లోపం అని రాయండి చాలు" అన్నారు డాక్టరుగారు. జరిగింది జరిగినట్టే రాసిచ్చాను. ఆయన నన్ను మళ్ళీ పిలవలేదు.

"రేపట్నుంచి డ్యూటీకి రామ్మా" అని ఆ రోజే డాక్టరుగారు షమీమ్‌తో అన్నారు.

"మా నాన్న ముందర నన్ను దొంగని చేశారు సార్" అని మాత్రం అని, తండ్రిని తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత చిలకలూరిపేటలో వేరే ఆసుపత్రిలో చేరింది.

కొన్నాళ్ళకు షమీమూ నేనూ రమణమ్మను చూడ్డానికి వెళ్ళాం. ఎడ్లపాడు దగ్గర అక్క ఇంట్లో ఉంటూ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోంది. ఎవరు చేశారో తేలిందనీ, ఫిర్యాదు ఇస్తే సాక్ష్యం చెబుతామనీ అన్నాం.

"ఎవుడు చేస్తే నాకేంది సిస్టరు? కేసు పెడితే ఇక్కడ కూడా తెలిసిపోద్ది. ఇక్కడ బళ్ళో మా పిల్ల పక్కన కూర్చుంటున్నారు. ఆ ఒక్కటీ చెడగొట్టమాకండి."

"మందులు వేసుకుంటున్నావా అమ్మా?" అని షమీమ్ అడిగింది.

రమణమ్మ తల అడ్డంగా ఊపింది. "మందులకి పోతే పేరు రాసుకుంటారుగా. ఏ కంప్యూటర్లో రాస్తారో, ఎవుడు చూస్తాడో."

దానికి జవాబు చెప్పాల్సింది నేనే. నేను చేసిన మార్పులన్నీ మనసులో మెదిలాయి. ఒక్కటీ ఆమెతో చెప్పగలిగేలా లేదు. సర్కారు ఆసుపత్రికి తనే తీసుకెళ్తాననీ, పక్కనే ఉంటాననీ షమీమ్ చేతులు పట్టుకుని బతిమాలింది. తర్వాత షమీమ్ మళ్ళీ వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు అక్కడ లేరు. ఎటు పోయారో అక్కకు తెలిసినా చెప్పలేదు.

ఇప్పుడు ఏ ఊళ్ళో పని ఒప్పుకున్నా, కొత్తవాళ్ళకు ఏమేం చూపించాలి అని వాళ్ళు అడిగేలోపే, వెళ్ళిపోయినవాళ్ళ సంగతి చెప్పండి అని అడుగుతాను. మనిషి ఎవరో ఒకసారి తేల్చుకుంటే చాలదు. అతనికి ఇంకా హక్కుందా అని ప్రతిసారీ అడగాలి. అనుమతిని నేను క్షణంలో రద్దు చేయగలను. ఒకడు చూసేసినదాన్ని రద్దు చేయడం నాకు చేతకాదు.