ఒడిలో కరిగిన లోహం

బదిలీ మీద కోదాడకు వచ్చిన కొత్తలో కిరాయి గదిలో ఒంటరిగా ఉండేదాన్ని. బడి దాటితే నాతో మాట్లాడేవారే లేరు. సైన్స్ పాఠంలో పిల్లలకు చూపించాలని గాలియం అనే లోహపు ముక్క తెప్పించాను. చూడటానికి వెండిలా ఉంటుంది, అరచేతి వేడికే కరిగిపోతుంది.

ఎండాకాలం ఒక పొద్దున దాన్ని డబ్బాలో వేసి ఒడిలో పెట్టుకుని, మా బడి ఉన్న మేళ్లచెరువుకు బస్సెక్కాను. దారిలో మూత వదులై, కరిగిన లోహం నా చీర మీదుగా కారి, కింద చుక్కలు చుక్కలుగా మెరిసింది.

"అమ్మో, పాదరసం! విషం గదా!" అంటూ పక్కనున్నామె లేచి దూరం జరిగింది.

"కాదండీ, ఇది గాలియం. ముట్టుకున్నా ఏమీ కాదు," అని వేలితో తాకి చూపించాను. ఎవరూ వినలేదు. నా చుట్టూ సీట్లన్నీ ఖాళీ అయ్యాయి.

"మేడమ్, జర దిగుర్రి. అందరు పరేషాన్ అయితున్నరు," అన్నాడు కండక్టర్.

పొలాల మధ్య దిగి ఏడుస్తూ నిలబడ్డాను. కొంచెం దూరం పోయిన బస్సు మళ్లీ ఆగింది. కూలికి పోతున్న ఒక పెద్దామె దిగి, వెనక్కి నడిచి నా దగ్గరికి వచ్చింది.

"ఒక్కదానివి గీ ఎండల ఎట్లుంటవ్ బిడ్డా?" అంది.

ఆటో దొరికేదాకా నా పక్కనే ఉంది. బస్సులో పడ్డ అవమానం ఎప్పుడో మరిచిపోయాను. కోదాడ వచ్చాక మొదటిసారి నా కోసం ఒకరు ఆగిన ఆ రోజును మాత్రం మరిచిపోలేదు.