అవ్వ దాచిన గేరు రాడ్డు

పాత తోలు సంచికి ఆముదం రాస్తే చాలు, ఆ వాసనకు ఈ అపార్ట్‌మెంటూ నా వయసూ ఎక్కడికో పోయి, మళ్లీ బళేపేటలో మా గాజుల కొట్టు వెనక వాకిట్లో, ఇటుకల మీద నిలబెట్టిన చిన్నాయన కారు పక్కన ఉంటాను.

యుద్ధం ముదిరి పెట్రోలు దొరకని రోజుల్లో చిన్నాయన మిలిటరీ లారీలు నడపడానికి పోతూ, ఆ కారు గేరు రాడ్డును, దాని మొదట్లో ఉండే తోలు తొడుగుతో సహా ఊడదీసి అవ్వ చేతిలో పెట్టాడు.

"ఎవుర్నీ ముట్టనీయొద్దమ్మా. నేనే వచ్చి బిగిస్తా."

దేవుడి గూట్లోకి తోలేమిటని అమ్మ గొణిగినా వినకుండా అవ్వ దాన్ని అక్కడే పెట్టింది. అవరేకాయల, అంటే అనపకాయల, వాసనతో చలికాలాలు వచ్చిపోయాయి, మేము పిల్లలం కదలని ఆ కారులో కూర్చుని నోటితోనే హారన్లు కొడుతూ మైసూరు దాకా పోయి వచ్చేవాళ్లం, ఆయుధ పూజ నాడు కొట్టులోని కత్తెరకూ తాళానికీ పెట్టినట్టే రాడ్డుకూ అవ్వ పసుపు కుంకుమలు పెట్టేది, తోలు పగలకూడదని ప్రతి శుక్రవారం ఆముదం పూసి, ఆ జిడ్డు చేత్తోనే నా తల నిమిరేది.

యుద్ధం ముగిసింది. చిన్నాయన ఇక లేడని కబురొచ్చింది. కర్మ చేద్దామని నాయన అంటే అవ్వ ఇంతెత్తున లేచేది: "కండ్లతో చూడకుండా ఎట్ల నమ్మేది?" వేరే రాడ్డు వేయించి కారు తీద్దామన్నా అంతే. అది గూట్లో ఉన్నంత కాలం ఆమెకు కొడుకు దారిలో ఉన్నట్టే. నేనూ నమ్మాను, తలుపు చప్పుడైతే ముందు పరిగెత్తేది నేనే.

యుద్ధానికి పోయినవాళ్లంతా ఇళ్లు చేరినా చిన్నాయన రాలేదు. తర్వాతి ఆయుధ పూజకు అవ్వ దానికి బొట్టు పెట్టలేదు. పాత కుంకుమంతా కొంగుతో తుడిచి నాయన ముందు పెట్టింది.

"బిగించప్పా. వాడు రాడు. పండగ పోయినాక వాడి కారులోనే కావేరికి పోయి కర్మ చేద్దాము."

నాయన వంగి రాడ్డు దించి బిగించాడు. అన్నేళ్ల ఆముదానికి తోలు కొత్తదానికన్నా మెత్తగా ఉండి, లాగగానే తన చోట్లో కూర్చుంది. ఆ మెత్తదనం చేతికి తగిలాకే నాయన ఏడ్చాడు. పండగ పోయినాక కారును ఇటుకల మీంచి దించి కావేరికి బయలుదేరాం. శ్రీరంగపట్నం దాకా అవ్వ ముందు సీట్లో కూర్చుని, ఆయన గేరు మార్చినప్పుడల్లా ఆ చేతి మీద తన చేయి వేసింది.

తిరిగొచ్చాక ఆ తోలుకు ఆమె మళ్లీ ఆముదం పూయలేదు. ఎండాకాలానికి అది పెళుసెక్కి పగిలిపోయింది.

ఇప్పుడు ఆ కారూ లేదు, వాకిలీ లేదు. మనవడి కారుకు గేరు రాడ్డే లేదు. ముందు సీట్లో కూర్చుంటే నా చేయి ఊరికే పక్కకు పోతుంది, చలేస్తోందనుకుని వాడు ఏసీ తగ్గిస్తాడు. తలుపు చప్పుడుకు పరిగెత్తడం నాకింకా గుర్తుంది. ఎవరి కోసం పరిగెత్తానో ఆ ముఖమే, ఎంత ఏడ్చినా, గుర్తు రావడం లేదు.