ఆఖరి ఖరారు

మా ఖరారు గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరేం చెప్పినా దాన్ని తిరిగి వాళ్లకే అప్పజెప్పి, "ఖరారా?" అని అడిగి, వాళ్లు "ఖరారు" అన్నాక తనూ ఒకసారి "ఖరారు" అనాలి. అనకపోతే ఆయనకు ఊపిరాడదు.

"టీ తెమ్మంటారా సార్?" అని క్యాంటీన్ అతను అడిగేవాడు.

"ఒక టీ, పంచదార లేకుండా, ఇప్పుడే. ఖరారా?"

"ఖరారు సార్."

"ఖరారు."

ఈ తంతు ముగిసేసరికి పక్క టేబుల్ వాళ్లు టీ తాగేసి కప్పులు కూడా ఇచ్చేసేవారు. ఆయన పక్కింటాయన ఒకసారి లిఫ్టులో "ఎండలు మండిపోతున్నాయండీ" అన్నాడట. "ఎండలు, మండిపోతున్నాయి. ఖరారా?" అన్నారట ఈయన. పాపం, అప్పట్నుంచీ ఆ పెద్దమనిషి మెట్లెక్కుతున్నాడు.

మాది పెన్షన్ ఫండ్లకీ బీమా కంపెనీలకీ షేర్లు కొని, అమ్మిపెట్టే ఆఫీసు. ఫోన్‌లో వచ్చిన ప్రతి ఆర్డరునూ తిరిగి చదవాలి, ఆ ఫోన్ల గదిలో మాటలన్నీ రికార్డు కావాలి. అది అందరికీ ఆఫీసు నియమం. ఖరారు గారికి మాత్రం ఒంటికి పట్టేసింది. డిగ్రీతో ఫోన్లెత్తే పనిలో చేరి, ఆ గదికే పెద్ద అయ్యారాయన.

నేను రెండేళ్ల పీజీ పట్టా పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లాను. చివర్లో ఉండబట్టలేక ఆయన్నే అడిగేశాను.

"సార్, ఈ పనికి పై చదువు నిజంగా ఉపయోగపడుతుందా?"

"నువ్వీ గదిలోకి రావడానికి ఉపయోగపడింది. ఉత్త డిగ్రీ వాళ్ల దరఖాస్తులు ఈ రోజుల్లో కింది అంతస్తు దాటి రావట్లేదు."

"మరి గదిలోకి వచ్చాక?"

"వచ్చాక చెవులు ఉపయోగపడతాయి. ఖరారా?"

నవ్వాపుకుంటూ "ఖరారు" అన్నాను. ఉద్యోగం వచ్చింది. మొదటి ఆరు నెలల్లో ఒక్క పెద్ద తప్పు చేసినా ఇంటికే అని ఉత్తర్వులో రాశారు. ఇంట్లో మా అత్తయ్య అప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది.

అయిదో నెలకి నాకు కొమ్ములొచ్చాయి. ఒక పెన్షన్ ఫండు యాభై వేల షేర్లు అమ్మమంది. నేను ఒక సున్నా ఎక్కువ కొట్టాను. ఖరారు గారు నా వెనక నిలబడి తెర మీదున్నది చదివారు.

"అమ్మకం, ఐదు లక్షలు, మార్కెట్ ధరకి. ఖరారా?"

"అబ్బబ్బ, ఖరారే సార్!"

"ఖరారు."

గంటలో గగ్గోలు మొదలైంది. మర్నాడు తనిఖీ అధికారి మా ఇద్దర్నీ అద్దాల గదిలో కూర్చోబెట్టి రికార్డు వినిపించాడు. ఆ "అబ్బబ్బ" వినగానే సిగ్గుతో చచ్చిపోయాను. దాని వెనకే ఆయన గొంతు, "ఖరారు."

అధికారి నిబంధనల పుస్తకం తిప్పాడు. "ఆఖరున ఖరారు అన్నవాళ్లదే బాధ్యత. ఇది మీ మెడకే చుట్టుకుంటోందండీ."

"అవును కదా," అన్నారు ఖరారు గారు, ఇవాళే తెలిసినట్టు.

అధికారి పాత ఫైలు తెరిచాడు. చదువుతూ ఆగిపోయాడు. "పదకొండేళ్లలో తొమ్మిది తప్పులు. తొమ్మిదీ మీ పేరు మీదే. తొమ్మిదిసార్లూ మీ పక్కన ఒక కొత్త పీజీ! గదికి పెద్దయ్యాక మీకింకో ప్రమోషన్ ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైంది. ఆ పిల్లలు ఖరారు అన్నాక ఊరుకోవచ్చుగా?"

"అలవాటండీ."

ఇన్నాళ్లూ నేను నవ్విన పిచ్చి ఇదన్నమాట!

"ఇంత చదివి సున్నాలు లెక్కపెట్టడం రాదా ఈ అమ్మాయికి?"

"అది కాలేజీలో రాదండీ, ఇక్కడే రావాలి. నిన్న వచ్చింది. ఈ అమ్మాయి ఉద్యోగంలోనే ఉంటుంది, రేపు తొమ్మిదింటికి సీట్లో ఉంటుంది. ఖరారా?"

"ఖరారు," అనేశాడు అధికారి, ఫైల్లోంచి తలెత్తకుండానే. అని, నాలిక కరుచుకున్నాడు.

ఖరారు గారు నోరు తెరిచారు. ఆయనకంటే ముందు నేనే "ఖరారు!" అన్నాను.

ఆయన నన్ను చూశారు, అధికారిని చూశారు, కుర్చీలో ఇటూ అటూ కదిలారు. ముఖం ఎర్రబడింది. చివరికి నా వైపు వంగి, మెల్లిగా బతిమాలారు.

"ఒక్కసారి నేనూ అననా అమ్మా?"