రత్నమ్మ గారి నాలుగడుగుల రేకు

మూడు పనులు చేసే మిషన్‌ను రెండు పనుల ధరకు కొన్నవాణ్ణి కొవ్వూరు మొత్తం మీద నేనొక్కణ్ణే. రేకును కోస్తుంది, వంచుతుంది, గొట్టంలా చుడుతుంది. అన్నీ ఒకే చట్రం మీద. ఆ బేరం గురించి చాన్నాళ్లు గొప్పగా చెప్పుకున్నాను. తర్వాత జరిగింది మాత్రం చెప్పేవాణ్ణి కాదు. ఇవాళ పొద్దున మా షెడ్డు ముందు ఆటోలోంచి రేకులు దించుతుంటే, ఒకటి గాలికి ఊగి ఉరిమినట్టు మోగింది. ఆ మోతకు రత్నమ్మ గారు గుర్తొచ్చారు.

ఆవిడ మా పక్కింట్లో ఉండి పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకునేవారు. మాది కిరాణా కొట్టు. ఎంత అవసరమున్నా మొహంలో కనపడనివ్వకూడదని, కనపడితే ధర పెరుగుతుందని మా నాన్న పలక పట్టకముందే నేర్పారు. రత్నమ్మ గారి పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. కొట్టు మెట్టెక్కుతూనే, "అన్నయ్య గారూ, ఎల్లుండి పెళ్లి. పప్పు త్వరగా ఉడక్కపోతే నా పరువు పోతుందండి. ఏదిస్తారో మీ ఇష్టం" అనేవారు. ఆవిడ వెళ్లాక నాన్న "బేరం రాని మనిషి" అని నవ్వేవారు. ఆవిడకు మాత్రం వెనక గదిలోంచి కొత్త బస్తా విప్పించేవారు. ఆ రెండోది నేను అప్పట్లో పట్టించుకోలేదు.

తొంభైల చివర్లో, కొట్టు తమ్ముడికి వదిలేసి పెరటి షెడ్డులో రేకు పని పెట్టుకుంటానని పట్టుబట్టాను. "మాఘమాసం పెళ్లిళ్ల లోపు ఒక్క ఆర్డరైనా అప్పజెప్పి చూపించు. లేదంటే మళ్లీ తక్కెడ దగ్గర కూర్చో" అన్నారు నాన్న. ఆ ఒక్క ఆర్డరూ రత్నమ్మ గారే ఇచ్చారు: గాలికి మంట చెదరకుండా పొయ్యిల చుట్టూ నిలబెట్టే రేకు అడ్డాలు, ఛాతీ ఎత్తువి. మిషన్ కోసం నేను రాజమండ్రి బయల్దేరుతుంటే, మసిపట్టిన పాత అడ్డం ఒకటి తెచ్చి గుమ్మానికి ఆనించారు.

"ఇది పట్టుకెళ్లు శేషూ. ఇలాంటివి చెయ్యాలని చూపించి అడుగు."

"చూపిస్తే షాపువాడికి నా అవసరం తెలిసిపోదాండి?"

"తెలియాలనే కదా నాయనా పట్టుకెళ్లమంది."

దాన్ని గుమ్మం దగ్గరే వదిలి బస్సెక్కాను. షాపులో రెండు సైజుల మిషన్లున్నాయి. "ఏం చేస్తారండీ దీంతో?" అని షాపాయన మర్యాదగా అడిగితే, గోడ మీద క్యాలెండర్ చూస్తూ, "ఏదో ఇంట్లో చిన్నాచితకా పనులకండి" అన్నాను. "అయితే మీకు చిన్నది చాలండి" అన్నాడు పాపం. అక్కణ్ణుంచి బేరం మొదలుపెట్టాను. నేను కొలిచింది ఆయన ముఖాన్ని, మిషన్ వెడల్పును కాదు. వాపసు ఉండదన్న షరతు మీద ఆఖరి తగ్గింపు కూడా సాధించి, వ్యానులో వేసుకుని వంతెన దాటాను.

షెడ్డులో దించాక చూస్తే, రేకు దూర్చే మిషన్ దవడ ముప్పై అంగుళాలు, అంటే రెండున్నర అడుగులే; అడ్డాలకు కావాల్సిన రేకు నాలుగడుగులు. రత్నమ్మ గారొచ్చి రెండింటినీ చూశారు.

"ఎంతకు తగ్గించావేంటి?"

చెప్పాను, కాస్త గర్వంగానే.

"బాగానే తగ్గించావు. ఆయనా వెడల్పు తగ్గించాడు. ఇప్పుడు నీకేం కావాలో నాకైనా చెప్పు."

బుద్ధెరిగాక మొదటిసారి నా అవసరం నోటితో చెప్పాను. "అడ్డం రెండు ముక్కలుగా చేసి మధ్యలో రివెట్లు కొడతానండి. మీరు ఒప్పుకోకపోతే నేను మళ్లీ తక్కెడ దగ్గరికే."

"చేసి చూపించు."

ఒకటి చేశాను. ఆవిడ పెరట్లో పొయ్యి వెలిగించి, అడ్డం బయట టేబుల్ ఫ్యాన్ పెట్టారు. చాలాసేపు వంగి మంటనే చూశారు. అది చెదరలేదు.

"తీసుకుంటాను. అతుకుల ఖర్చు మాత్రం నాది కాదు."

మాఘమాసానికి ముందే అడ్డాలు రిక్షాలో వెళ్తుంటే నాన్న కొట్టు గుమ్మంలో నిలబడి చూశారు. తక్కెడ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు నా షెడ్డుకొచ్చి పైకప్పు చూస్తూ ధర అడిగేవాళ్లను, "దేనికండి?" అని ముందు అడుగుతాను. చెప్పేదాకా ధర చెప్పను.

ఇక ఆ మొదటి ఆర్డరు లెక్క. బేరంలో మిగుల్చుకున్నది అతుకుల దగ్గర అదనంగా పట్టిన రేకుకు, రివెట్లకు, చెడగొట్టిన ముక్కలకు సరిగ్గా సరిపోయింది. ఆపైన నా చేతి నుంచి పడింది రాజమండ్రి బస్సు చార్జీ.